తొండి వేరు, దెబ్బ వేరు

గోదావరి డెల్టా పల్లెల్లో పిల్లల ఆటలకు ఎవరూ రాయని శిక్షాస్మృతి ఒకటి ఉంది. గోలీలాటలో గీత దాటి చెయ్యి పెట్టినా, బిళ్లంగోడులో కొలత ఎక్కువ చెప్పినా అది తొండి. తొండికి శిక్ష ఆటలోనే పడుతుంది. వాడి వంతు పోతుంది, లేదంటే ఆట మళ్లీ మొదలవుతుంది, మరీ మొండికేస్తే ఆ పూటకు వాడిని పక్కన కూర్చోబెడతారు. అదే బిళ్లంగోడు కర్రతో పక్కవాడి మోకాలి మీద కొడితే దాన్ని ఎవరూ తొండి అనరు. ఆట అక్కడే ఆగిపోతుంది, సంగతి ఇంటికి చేరుతుంది, సాయంత్రానికి ఒక తల్లి మరో ఇంటి గుమ్మం ముందు నిలబడి ఉంటుంది. పదేళ్ల పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలిసిన ఈ తేడా, 1863 నుంచి నియమాలు రాసుకుంటూ వస్తున్న ఫుట్‌బాల్‌కు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు.

ఉరుగ్వే ఆటగాడు లూయిస్ స్వారెజ్ ఉదంతాలు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తెలుస్తుంది. 2010 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో, అదనపు సమయం చివరి క్షణాల్లో, ఘనా కొట్టిన బంతి గోల్‌లోకి పోతుంటే గీత మీద నిలబడి చేతులతో ఆపాడు. అచ్చమైన తొండి. రెఫరీ అక్కడికక్కడే ఆట నుంచి బయటికి పంపే ఎర్ర కార్డు చూపి పెనాల్టీ ఇచ్చాడు. ఘనా ఆ పెనాల్టీని చేజార్చుకుని చివరకు షూటౌట్‌లో ఓడిపోవడం దాని దురదృష్టం. నియమం మాత్రం తన పని చేసింది. నాలుగేళ్ల తర్వాత, 2014 ప్రపంచ కప్‌లో అదే స్వారెజ్ ఇటలీ డిఫెండర్ కియెల్లీనిని భుజం మీద కొరికాడు. కియెల్లీని చొక్కా లాగి పంటిగాట్లు చూపించినా మైదానంలో ఏ కార్డూ బయటికి రాలేదు. మరి కొద్ది నిమిషాలకే ఉరుగ్వే గోల్ కొట్టి గెలిచింది, ఇటలీ ఇంటిదారి పట్టింది. తర్వాత ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా 9 అంతర్జాతీయ మ్యాచ్‌ల నిషేధం, 4 నెలల పాటు ఫుట్‌బాల్‌కు దూరం, లక్ష స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించింది. శిక్ష పెద్దదే. కానీ దానివల్ల మేలు జరిగింది ఇటలీకి కాదు, తర్వాతి మ్యాచ్‌లో స్వారెజ్ లేని ఉరుగ్వేను ఓడించిన కొలంబియాకు.

బంతిని చేత్తో ఆపితే శిక్ష నిమిషంలో పడింది, మనిషిని కొరికితే రెండు రోజులు పట్టింది. ఫుట్‌బాల్‌లో హింసకు శిక్ష ఎలా ఉండాలన్న చర్చ ఎక్కువగా ఎన్ని మ్యాచ్‌లు అనే అంకె చుట్టూ తిరుగుతుంది. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, ఆ శిక్ష దేన్ని కొలుస్తోంది, ఎవరికి నష్టం పూడుస్తోంది అన్నది.

ఆట పుట్టుకలోనే ఈ తగువు ఉంది. 1863లో లండన్‌లో క్లబ్బుల ప్రతినిధులు కూర్చుని ఉమ్మడి నియమాలు రాసుకుంటున్నప్పుడు, ఎదుటివాడి పిక్కల మీద తన్నడాన్ని అనుమతించాలా వద్దా అన్న దగ్గర మాట పడలేదు. బంతితో పరుగెత్తేవాడి కాళ్ల మీద తన్ని పడగొట్టడం ఆటలో భాగమేనని, అది తీసేస్తే పౌరుషమే ఉండదని బ్లాక్‌హీత్ క్లబ్ వాదించింది. ఆ వాదన ఓడిపోయింది, బ్లాక్‌హీత్ బయటికి నడిచింది, తర్వాత 1871లో రగ్బీ యూనియన్ స్థాపకుల్లో ఒకటైంది. అంటే మనం ఫుట్‌బాల్ అంటున్న ఆట, కాళ్ల మీద తన్నకూడదన్న ఒప్పందంతోనే మొదలైంది. పౌరుషం పేరుతో ఆ ఒప్పందాన్ని వెనకనుంచి సవరించుకునే ప్రయత్నం మాత్రం ఏనాడూ ఆగలేదు. సంక్రాంతి టోర్నమెంట్‌లో గట్టు మీద నిలబడి "ఆడదానిలా ఆడకు, కాలు పెట్టు" అని అరిచే పెద్దమనిషి తెలియకుండానే బ్లాక్‌హీత్ పక్షం.

ఇప్పటి నియమావళిలో ఈ వ్యవహారమంతా 12వ నియమం కిందికి వస్తుంది. ట్యాకిల్, అంటే ఎదుటివాడి దగ్గరున్న బంతి కోసం కాలు పెట్టడం, తప్పయినప్పుడు రెఫరీ దాన్ని మూడు మెట్లలో ఒకదాని మీద పెట్టాలి. కాలువ గట్టు మీద సైకిల్ తొక్కేవాడితో పోల్చి చెబితే సులువు. ఎదురుగా వస్తున్న మనిషిని చూసుకోకపోవడం మొదటి మెట్టు, అజాగ్రత్త. దానికి ఫ్రీ కిక్ చాలు, కార్డు అక్కర్లేదు. మనిషిని చూసి కూడా తప్పుకుంటాడులే అని బెల్లు కొట్టకుండా పోవడం రెండోది, దుడుకుతనం, పసుపు కార్డు. తప్పుకున్నా తప్పుకోకపోయినా దారి నాదేనని మీదికి తోలడం మూడోది, మితిమీరిన బలం; ఎర్ర కార్డు. బంతి కోసం పోటీ పడుతూ ఎదుటివాడి భద్రతకు ముప్పు తెచ్చినా, క్రూరంగా దిగినా అది తీవ్రమైన ఫౌల్. బంతితో నిమిత్తం లేకుండా గుద్దడం, తన్నడం, తలతో పొడవడం హింసాత్మక ప్రవర్తన. ఈ రెండోదానిలో దెబ్బ తగలనక్కర్లేదు. గురి తప్పిన పిడికిలికి కూడా ఎర్ర కార్డే. ఇంకో సంగతి గమనించాలి. ఈ మూడు మెట్లలో ఎక్కడా "కావాలని" అన్న మాట లేదు. ఒకప్పుడు ఉండేది, 1990ల మధ్యలో తీసేశారు. మనసులో ఏముందో రెఫరీ చూడలేడు, కాలు ఎక్కడికి ఎంత వేగంతో వచ్చిందో చూడగలడు.

ఇంత జాగ్రత్తగా మెట్లు కట్టిన నియమం చివరికి ఒకే రంగు కార్డులో పోసేస్తుంది. గోల్ కాకుండా చొక్కా పట్టి లాగినవాడికీ, పిక్క ఎముక విరగ్గొట్టినవాడికీ రెఫరీ జేబులోంచి తీసేది ఒకే కార్డు. దీనికి కారణం కార్డు చరిత్రలో ఉంది. 1962 ప్రపంచ కప్‌లో శాంటియాగోలో చిలీ, ఇటలీ జట్లు ఆడిన మ్యాచ్ ముష్టియుద్ధంగా మారింది. బయటికి పంపిన ఇటలీ ఆటగాడు కదలకపోతే పోలీసులు వచ్చి తీసుకుపోవలసి వచ్చింది. ఎదుటివాడిని గుద్దిన చిలీ ఆటగాడు మాత్రం చివరిదాకా ఆడాడు. ఆ రోజు ఈల ఊదిన కెన్ ఆస్టన్, 1966 ప్రపంచ కప్‌లో రెఫరీల పర్యవేక్షకుడు. ఇంగ్లండ్‌తో మ్యాచ్‌లో అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ను జర్మన్ రెఫరీ బయటికి పొమ్మంటే, ఒకరి భాష మరొకరికి తెలియక నిమిషాల తరబడి ఆట ఆగింది. ఆస్టన్ ఇంటికి కారులో వెళుతూ ట్రాఫిక్ దీపాలు చూసి ఈ రంగుల ఆలోచన పట్టాడు. 1970 ప్రపంచ కప్‌లో కార్డులు వచ్చాయి. కాబట్టి కార్డు పుట్టింది శిక్షను కొలవడానికి కాదు, శిక్ష పడిందని అందరికీ ఒకే భాషలో తెలియజేయడానికి. దండోరా వేసే డప్పును పట్టుకుని తక్కెడలా వాడుకుంటున్నాం.

కార్డులు లేని రోజుల్లో దెబ్బ తిన్నవాడి గతి ఎలా ఉండేదో 1966లోనే కనిపించింది. పోర్చుగల్‌తో మ్యాచ్‌లో పీలేను వరసగా రెండు మొరటు ట్యాకిళ్లతో పడగొట్టారు. పడగొట్టిన మొరాయిస్ మైదానంలోనే ఉన్నాడు. ప్రపంచ కప్‌లో అప్పటికి మారు ఆటగాడిని దించే వీలు కూడా లేదు గనుక పీలే కుంటుతూ పక్కగా తిరగడమే మిగిలింది. బ్రెజిల్ నిజానికి పది మందితో ఆడింది, పోర్చుగల్ పదకొండు మందితో. నేరానికి ప్రతిఫలం అంత నేరుగా అందిన సందర్భాలు ఆటలో తక్కువ.

తక్కువే గాని లేకపోలేదు. 1982 జులై 8, స్పెయిన్‌లోని సెవిల్. ప్రపంచ కప్ సెమీఫైనల్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్. రెండో సగంలో ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్ మారుగా వచ్చి పది నిమిషాలైంది. తనకు అందిన పొడుగు పాస్ వెంట పరుగెత్తి బంతిని గోల్ వైపు తట్టాడు; అది పక్కగా పోయింది. అప్పటికే ఎదురుగా దూసుకొస్తున్న జర్మన్ గోల్‌కీపర్ షూమాకర్ గాలిలోకి ఎగిరి, ఒళ్లు పక్కకు తిప్పి, తుంటితో అతని ముఖాన్ని ఢీకొన్నాడు. బాటిస్టన్ స్పృహ తప్పాడు, పళ్లు ఊడాయి, వెన్నుపూస దెబ్బతింది. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే కెప్టెన్ ప్లాటినీ అతని చెయ్యి పట్టుకుని పక్కన నడిచాడు. రెఫరీ ఫౌల్ కూడా ఇవ్వలేదు. బంతి బయటికి పోయింది కాబట్టి గోల్ కిక్ ఇచ్చాడు, ఆ గోల్ కిక్ కొట్టింది షూమాకరే.

ఈ ఘటన గురించి రాసేవాళ్లంతా క్రూరత్వం దగ్గరే ఆగిపోతారు. లెక్క చూస్తే ఇంకా దారుణం. ఆ కాలంలో ఒక జట్టుకు ఇద్దరు మారు ఆటగాళ్లే. ఒకరిగా బాటిస్టన్ వచ్చాడు. అతను పడిపోతే రెండో మారు కూడా అక్కడే ఖర్చయింది. ఇంకా అరగంట ఆట, దాని మీద అదనపు సమయం మిగిలి ఉండగానే ఫ్రాన్స్ చేతులు కట్టేసినట్టయింది. మ్యాచ్ 3-3తో ముగిసి పెనాల్టీల దాకా వెళ్లింది. అక్కడ ఇద్దరి పెనాల్టీలు ఆపి జర్మనీని ఫైనల్‌కు చేర్చినవాడు, ఆ సమయానికి మైదానంలో ఉండకూడని షూమాకరే. కొట్టిన జట్టు ఒక్క పైసా పోగొట్టుకోలేదు, దెబ్బ తిన్న జట్టు మనిషినీ, మారు ఆటగాడినీ, ఫైనల్‌నూ పోగొట్టుకుంది. ఇప్పుడైతే వీడియో సహాయక రెఫరీ ఉన్నాడు. 2018 ప్రపంచ కప్ నుంచి నేరుగా ఎర్ర కార్డుకు తగిన తప్పును తెర మీద చూసి సరిదిద్దే వీలుంది. సెవిల్ మళ్లీ ప్రపంచ కప్‌లో జరగడం కష్టం. మైదానం చుట్టూ కెమెరాలు లేనిచోట మాత్రం ఏ ఆదివారమైనా జరగవచ్చు.

శిక్ష ఎంత ఉండాలన్న ప్రశ్నకు మనసు వెంటనే చెప్పే జవాబు ఒకటుంది: పడినవాడు లేచి ఆడేదాకా పడగొట్టినవాడు కూర్చోవాలి. కంటికి కన్ను అన్నంత పాత న్యాయం, వినగానే సబబుగానే తోస్తుంది. కాని మూడు ఇంగ్లిష్ ఉదంతాలు దీన్ని నిలవనివ్వవు. 2008 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ డిఫెండర్ మార్టిన్ టేలర్, మ్యాచ్ మొదలైన కాసేపటికే ఆర్సెనల్ ఆటగాడు ఎడ్వర్డో కాలి మీదికి ఒక క్షణం ఆలస్యంగా వచ్చాడు. కాలు విరిగిన తీరు చూడలేక టీవీ వాళ్లు ఆ దృశ్యాన్ని మళ్లీ చూపడానికి జంకారు. ఎడ్వర్డో దాదాపు ఏడాది ఆటకు దూరమయ్యాడు. టేలర్‌కు ఎర్ర కార్డు, 3 మ్యాచ్‌ల నిషేధం. ఆర్సెనల్ కోచ్ వెంగర్ ఆ వేడిలో జీవితకాల నిషేధం కావాలన్నాడు, సాయంత్రానికి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. వెనక్కి తీసుకోవడమే సరి. అది వేగం అంచనా తప్పిన ట్యాకిల్, పగ కాదు.

2001లో మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్ రాయ్ కీన్ సంగతి పూర్తిగా తిరగబడ్డది. మాంచెస్టర్ సిటీ ఆటగాడు హాలండ్ మోకాలి మీదికి బూటు ఎత్తి దిగాడు. వెంటనే ఎర్ర కార్డు, 3 మ్యాచ్‌లు, 5,000 పౌండ్ల జరిమానా. హాలండ్ లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత అతని ఆట ముగియడానికి కారణం రెండో మోకాలి నొప్పి. మరుసటి ఏడాది కీన్ తన ఆత్మకథలో అది పాత కక్ష తీర్చుకోవడమేనని అర్థమయ్యేలా రాసుకున్నాడు. దాంతో మరో 5 మ్యాచ్‌లు, లక్షా యాభై వేల పౌండ్లు పడ్డాయి. మూడోది 2006లో మాంచెస్టర్ సిటీ ఆటగాడు బెన్ థాచర్ మోచేతితో పోర్ట్స్‌మత్ ఆటగాడు మెండెస్‌ను ముఖం మీద కొట్టి స్పృహ తప్పించినది. రెఫరీ పసుపు కార్డుతో సరిపెట్టాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తర్వాత కలగజేసుకుని 8 మ్యాచ్‌ల నిషేధం, మళ్లీ తప్పు చేస్తే పడేలా మరో 15 మ్యాచ్‌లు విధించింది.

పడినవాడు లేచేదాకా అన్న లెక్కన టేలర్ ఏడాది కూర్చోవాలి, కీన్ మర్నాడే ఆడాలి. ఆ న్యాయం ఎముక గట్టిదనాన్ని కొలుస్తుంది, తప్పును కాదు. 2004 డిసెంబర్ 5న బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్ ఆడుతూ డెంపో జట్టు బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ గోల్ కొట్టిన క్షణంలోనే ఎదుటి గోల్‌కీపర్‌ను ఢీకొని కుప్పకూలి చనిపోయాడు. సకాలంలో సరైన వైద్యం అందలేదన్న విమర్శ చాలాకాలం నడిచింది. ఫలితమే కొలత అయితే బంతి కోసం ఎదురెదురుగా ఉరికే ఏ ఇద్దరిలోనైనా ఒకరు హంతకుడయ్యే ప్రమాదం ఉంది. అలాగని ఫలితాన్ని గాలికి వదిలేయలేం, దాని గురించి కింద చెప్పుకోవలసి ఉంది. శిక్షకు కొలత మాత్రం ఆటగాడు ఎంచుకున్న పని కావాలి: బంతి అందే దూరంలో ఉందా, కాలు నేల మీద ఉందా గాలిలో ఉందా, బూటు అడుగున ముళ్లు ఎటు చూస్తున్నాయి, ఆగడానికి వీలుండి ఆగలేదా. ఇవి చూడటానికి ఎదుటివాడి ఎక్స్‌రే అక్కర్లేదు.

ఇక డెల్టా సంగతి. ఇక్కడ క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ ముందు ఫుట్‌బాల్ చిన్న తమ్ముడే. అయినా కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం కాలేజీ మైదానాల్లో, బడుల జోనల్ పోటీల్లో, పండగ టోర్నమెంట్లలో ఆట ఉంది. ఆ ఆటకు నేల కూడా ఒక ఆటగాడే. ఒండ్రు మట్టి వానాకాలంలో బంక, వేసవిలో నెర్రెలు విచ్చిన బండ. బురదలో జారుతూ ట్యాకిల్‌కు దిగినవాడు తాను అనుకున్న చోట ఆగలేడు. బంతి దాటి మనిషి దాకా పోతాడు. ఎండిన నేల మీద జారితే తొడ చర్మం ఊడుతుంది గనుక ఎవరూ జారరు. నిలబడే కాలు బిగించి అడ్డం పెడతారు. చూడటానికి ఇది సాదాగా కనిపిస్తుంది గాని, పరుగెత్తేవాడి బరువంతా బిగుసుకున్న ఆ కాలి మీద పడి ఎవరిదో ఒకరి మోకాలు తిరుగుతుంది. జారింది నేల, తప్పు నాది కాదన్న సంజాయిషీ రెఫరీ ఒప్పుకోకూడదు. వాన పడిందని దిగకముందే తెలుసు.

బూట్ల సంగతి ఇంకొకటి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టులో ఎక్కువమంది వట్టి కాళ్లతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1తో మాత్రమే ఓడారని గొప్పగా చెప్పుకుంటాం. ఇప్పుడు పాదరక్షలు తప్పనిసరి. పల్లె పోటీల్లో మాత్రం ముళ్ల బూట్లున్నవాడు, రబ్బరు బూట్లవాడు, అవీ లేనివాడు ఒకే బంతి కోసం కాలు పెట్టడం ఇప్పటికీ అరుదేమీ కాదు. సంక్రాంతికి బరిలో కోడి కాలికి కత్తి కట్టేటప్పుడు కూడా రెండు కోళ్లకూ కడతారు. మ్యాచ్ ముందు రెఫరీ బూట్లు తిప్పి చూడాలన్న నియమం లాంఛనం కాదు, డెల్టాలో అది మొదటి శిక్షా నివారణ.

ఆ రెఫరీ చాలాచోట్ల బడి డ్రిల్లు మాస్టారే. ఒక ఈల, ఒక గడియారం, పక్క గీతల మీద ఇద్దరు పాత విద్యార్థులు. బహుమతి సొమ్ము ఇచ్చిన దాత గట్టు మీద కుర్చీలో ఉంటాడు, ఆయన ఊరి జట్టు మైదానంలో ఉంటుంది. ఎర్ర కార్డు తీయబోతే "పోనీలెండి మాస్టారూ, పండగపూట కుర్రాడు" అన్న మాట నాలుగు వైపుల నుంచి వస్తుంది. మాస్టారు తీశాడే అనుకుందాం. టోర్నమెంట్ మూడు రోజులది, జట్టు ఆ మూడు రోజులకే పోగైనది. 3 మ్యాచ్‌ల నిషేధం అంటే ఏ మూడు మ్యాచ్‌లు? సెమీఫైనల్లో కాలు విరగ్గొట్టినవాడు ఫైనల్ ఒక్కటి కూర్చుంటే, వచ్చే వారం పాలకొల్లులో మరో జట్టు చొక్కా వేసుకుని దిగుతాడు. ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళితే మరీ సుఖం. అది పుదుచ్చేరి, అక్కడి ఫుట్‌బాల్ సంఘమే వేరు. గౌతమీ పాయ మీద పది నిమిషాల ప్రయాణంతో శిక్ష కరిగిపోతుంది. ఫిఫా అయితే ఒక దేశంలో పడిన తీవ్రమైన నిషేధాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేయగలదు. స్వారెజ్ విషయంలో బార్సిలోనా కూడా ఆగవలసి వచ్చింది. మన దగ్గర ఒక జిల్లా నిషేధం పక్క జిల్లాకు తెలియదు.

అందుకే ఇక్కడ నిషేధాన్ని మ్యాచ్‌లలో కాక నెలల్లో లెక్కించడం మేలు. అది ఊరికీ జట్టుకూ కాక మనిషికి అంటుకుంటుంది. కబడ్డీ నుంచి కూడా నేర్చుకోవచ్చు. అక్కడ ఆకుపచ్చ కార్డు హెచ్చరిక, పసుపు రెండు నిమిషాలు బయట, ఎరుపు ఇక ఆ మ్యాచ్‌కు సెలవు. ఫుట్‌బాల్‌లో కూడా కింది స్థాయి పోటీల్లో తాత్కాలికంగా బయటికి పంపే పద్ధతికి 2017 నుంచి అనుమతి ఉంది. 90 నిమిషాల ఆటలో 10 నిమిషాల చొప్పున ఇంగ్లండ్ దీన్ని రెఫరీతో గొడవపడేవాళ్లకు వాడుతోంది. నోటి దురుసుకూ, ఎక్కుతున్న కోపానికీ అది మంచి మందు. రెండు కాళ్లూ ఎత్తి దిగినవాడికి మాత్రం పది నిమిషాల చల్లని నీడ ఇవ్వడం వెక్కిరింత.

వెంటనే శిక్ష పడటం ఎందుకు ముఖ్యమో కోల్‌కతాను అడగాలి. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో మొరటు ఆట, ఆటగాళ్ల కలహం స్టాండ్లలోకి పాకి, తొక్కిసలాటలో 16 మంది ప్రేక్షకులు చనిపోయారు. పల్లె టోర్నమెంట్‌లో స్టాండ్లు ఉండవు, గీతకు గజం దూరంలోనే రెండు ఊళ్లు నిలబడి ఉంటాయి. ఈల ఊదని ప్రతి దెబ్బకూ తీర్పు చెప్పడానికి వాళ్లు సిద్ధంగానే ఉంటారు.

ఇప్పుడు ఫలితం సంగతి. డెల్టాలో ఇరవై ఏళ్ల కుర్రాడి కాలు విరిగితే పోయేది ఒక ఆట సీజన్ కాదు. చేపల చెరువు మీదో, రొయ్యల షెడ్డులోనో రోజుకూలి ఆగిపోతుంది. కానిస్టేబుల్ కొలువు కోసం తెల్లవారుజామున గట్టు మీద 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నవాడైతే ఆ నోటిఫికేషన్ చేజారుతుంది. పెద్దాసుపత్రికి పోవాలా నాటు కట్టు కట్టించాలా అన్న తర్జనభర్జనలో ఎముక వంకరగా అతుక్కోవడమూ ఉంది. ఇంగ్లిష్ క్లబ్ ఆటగాడికి జీతం, వైద్యం క్లబ్బే చూస్తుంది. ఇక్కడ ఆ ఖర్చు తండ్రి నెత్తిన పడుతుంది. కాబట్టి శిక్ష తప్పును బట్టి ఉండాలన్నది ఒక లెక్క, నష్టపరిహారం గాయాన్ని బట్టి ఉండాలన్నది వేరే లెక్క. రెండూ కలిపేయడం వల్లే పడినవాడు లేచేదాకా అన్న వాదన పుడుతోంది. పాత గ్రామ తగువుల భాషలో "తప్పు" అంటే దోషమే కాదు, దానికి కట్టే సొమ్ము కూడా. తప్పు చేసినవాడు తప్పు కట్టాలి. టేలర్ లాంటివాడు మూడు మ్యాచ్‌లే కూర్చోనీ, వైద్యం ఖర్చులో మాత్రం వాటా మోయాలి. కొట్టినవాడి తండ్రీ కూలివాడే అయితే అది నిర్వాహకుల మీద పడాలి. ప్రవేశ రుసుములోంచి కొంత తీసి, దాత ఇచ్చే బహుమతిలోంచి కొంత తీసి ప్రమాద బీమా చేయించకుండా టోర్నమెంట్ మొదలుపెట్టడం నిర్వాహకుల ఫౌల్. ఇంగ్లండ్‌లో 1985లోనే ఒక ఔత్సాహిక మ్యాచ్‌లో కాలు విరగ్గొట్టిన ఆటగాడు పరిహారం చెల్లించాలని అప్పీలు కోర్టు తేల్చింది.

పోలీసు కేసు మాటేమిటి? ఇక్కడ భారత చట్టంలో ఒక చిత్రం ఉంది. 1860 నాటి శిక్షాస్మృతి 87వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్, ఆటలో దెబ్బల గురించే ఒక ఉదాహరణ ఇస్తుంది. ఇద్దరు సరదాకు కత్తిసాము చేయడానికి ఒప్పుకుంటే, ఆట తప్పకుండా ఆడుతూ ఒకరికి దెబ్బ తగిలితే నేరం కాదు. ఫౌల్ ప్లే లేనంతవరకే ఆ సమ్మతి అని చట్టం మూలంలో ఆ రెండు మాటలతోనే ఉంది. లండన్‌లో పిక్కల తన్నుల గురించి వాదించుకోవడానికి మూడేళ్ల ముందే మన చట్టం ఫౌల్ ప్లే అన్నది. ఈ రక్షణకు షరతులున్నాయి: సమ్మతించినవాడికి 18 ఏళ్లు నిండాలి, తీవ్ర గాయం చేయాలన్న ఉద్దేశం గాని, అది కలిగే అవకాశం ఉందన్న ఎరుక గాని ఉండకూడదు. ఎముక విరిగినా, పన్ను విరిగినా చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. అంటే బంతి లేనిచోట వెనకనుంచి వచ్చి కాలు విరగ్గొట్టినవాడు "ఆటలో అయింది" అంటే కుదరదు.

అలాగని ప్రతి ఎర్ర కార్డునూ ఠాణాకు మోసుకుపోతే ఆట ఉండదు. డెల్టాలో కేసు అంటే ఇద్దరు కుర్రాళ్ల మధ్య ఆగేది కాదు, రెండు ఊళ్ల మధ్య, ఒక్కోసారి రెండు కులాల మధ్య గీత అవుతుంది. 2004లో బార్న్స్ కేసులో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఈ చిక్కుముడినే విప్పింది. ఔత్సాహిక మ్యాచ్‌లో తీవ్రంగా గాయపరిచిన ట్యాకిల్‌కు కింది కోర్టు వేసిన శిక్షను కొట్టేస్తూ, ఆటకు తన క్రమశిక్షణ విధానం ఉన్నప్పుడు, నేరమనదగినంత ఘోరమైన పనికే క్రిమినల్ కేసు పెట్టాలంది. దానిలో ఒక షరతు దాగి ఉంది: ఆటకు తన విధానం ఉండాలి. స్కాట్లాండ్‌లో రేంజర్స్ ఆటగాడు డంకన్ ఫెర్గూసన్ 1994లో ఎదుటివాడిని తలతో పొడిచి, మరుసటి ఏడాది జైలుకు వెళ్లాడు. అక్కడ సంఘమూ కోర్టూ రెండూ ఉన్నాయి, ఏది దేనికో తేల్చుకున్నారు. మన టోర్నమెంట్లలో మొదటిది లేకపోవడం వల్ల రెండోదాని కోసం పరుగెత్తడమో, రెండూ లేకుండా మధ్యవర్తుల ముందు టీ తాగి లేవడమో జరుగుతోంది.

ఫోను వీడియోలు ఈ లోటు పూడుస్తాయన్న ఆశ కొంతే నిజం. ప్రతి గట్టు మీదా పది ఫోన్లు లేచి ఉంటాయి. 1994 ప్రపంచ కప్‌లో ఇటలీ ఆటగాడు టాసోట్టి మోచేతితో స్పెయిన్ ఆటగాడు లూయిస్ ఎన్రికే ముక్కు పగలగొడితే, రెఫరీ చూడకపోయినా వీడియో ఆధారంగా ఫిఫా 8 మ్యాచ్‌ల నిషేధం వేసింది. పల్లెలో కూడా ఆ దారి ఉంది. కాకపోతే వాట్సాప్‌లో తిరిగే పన్నెండు సెకన్ల ముక్క ఎప్పుడూ దెబ్బతోనే మొదలవుతుంది, దానికి ముందు ఏం జరిగిందో ఎవరి దగ్గరా ఉండదు. 2006 ఫైనల్లో మాటేరాజ్జీని తలతో పొడిచిన జిదాన్‌కు 3 మ్యాచ్‌లు పడితే, రెచ్చగొట్టిన మాటేరాజ్జీకి కూడా 2 పడ్డాయి. ముక్క వీడియోతో ఆ రెండో శిక్ష ఎప్పటికీ పడదు.

టోర్నమెంట్ ప్రవేశ పత్రంలో ఇప్పుడు అడిగేవి పేరు, ఊరు, వయసు, చొక్కా నంబరు. దాని కింద మరో గడి పట్టే చోటుంది: గత పన్నెండు నెలల్లో ఎర్ర కార్డు, ఏ పోటీలో, దేనికి. తొండికా, దెబ్బకా. తొండి అయితే ఆ గడి చూసి వదిలేయవచ్చు. దెబ్బ అయితే నిషేధం ఇంకా ఎన్ని నెలలు మిగిలిందో చూడాలి. ఆ గడి నింపవలసింది ఆటగాడు కాదు, కిందటి పోటీలో ఈల ఊదిన మాస్టారు. వాళ్లకు ఎలాగూ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. కాకినాడ నుంచి నరసాపురం దాకా, యానాంతో కలిపి, ఆ జాబితా అందులో పెట్టడానికి పైసా ఖర్చు లేదు.